ఒక్క మడిని చూసి ఊరి పంట చెప్పగలమా?

ఒక్క మడిని చూసి ఊరి పంటంతా అంచనా కట్టగూడదని మా నాన్న అంటూ ఉంటాడు. చెరువు కింద మడి వేరు, మెట్ట చేను వేరు. కాని గ్రహాల విషయంలో శాస్త్రజ్ఞులు 1995 దాకా చేసింది ఇంచుమించు అదే! సూర్యునివంటి నక్షత్రాలలో గ్రహాలున్నవని రూఢిగా తెలిసింది మన సూర్యునికొక్కడికే. అందుచేత చిన్న రాతి గ్రహాలు దగ్గరగానూ, పెద్ద వాయు గ్రహాలు దూరంగానూ ఉండటమే ప్రకృతి ధర్మమని తలచారు.

1995లో స్విట్జర్లాండుకు చెందిన మిషెల్ మేయర్, డిడియే కెలోలు 51 పెగాసీ అనే నక్షత్రాన్ని పరిశీలించారు. గ్రహం కంటికి కనబడదు. అయితే పలుపుకు కట్టిన దూడ చుట్టూ పరుగెడుతుంటే, పలుపు పట్టుకున్నవాడూ కొంచెం ఊగుతాడు కదా! నక్షత్రమూ అలాగే ఊగుతుంది. మనవైపు వచ్చినప్పుడు దాని వెలుగు నీలం వైపుకు, వెనక్కి పోయినప్పుడు ఎరుపు వైపుకు రవ్వంత జరుగుతుంది. మనం క్లాసులో చదువుకున్న డాప్లర్ ఫలితమే ఇది. ఆ ఊపును కొలిస్తే తేలిందేమిటి? గురుగ్రహంలో కనీసం సగం బరువున్న గ్రహం 4.2 రోజులకే నక్షత్రాన్ని చుట్టివస్తున్నది! మన బుధునికే 88 రోజులు పడుతుంది, గురునికైతే దాదాపు 12 ఏళ్ళు.

అమెరికాలో జెఫ్రీ మార్సీ, పాల్ బట్లర్ల దగ్గర అప్పటికే ఏళ్ళ తరబడి తీసిన కొలతలున్నాయి. పెద్ద గ్రహమంటే ఏళ్ళకేళ్ళు తిరిగేదేనన్న నమ్మకంతో వారు తొందరపడలేదు. ఈ వార్త విన్నాక పాత కొలతలకు లెక్క కట్టి, 1996 జనవరిలో మరో రెండు గ్రహాలను ప్రకటించారు. గింజలు గాదెలోనే ఉన్నాయి, గాదె తెరవకపోవడమే లోపం!

2025 నాటికి ఇలాంటి గ్రహాలు 6000 దాటాయి. దూరాన పుట్టిన గ్రహం, నక్షత్రం చుట్టూ ఉన్న వాయువు, ధూళి పళ్ళెంలో మెల్లగా లోపలికి జరగవచ్చునని ఇప్పుడు భావిస్తున్నారు. అంటే పుట్టినచోటే గ్రహం ఉండితీరాలన్న నియమం లేదు. ఇంతవరకు దొరికినవాటిలో భూమికీ నెప్ట్యూనుకూ మధ్య సైజువి చాలా ఎక్కువ. మన సూర్యునికి అటువంటిది ఒక్కటీ లేదు!

అయితే మన సౌరకుటుంబమే వింతదని తేల్చేయడమూ తొందరపాటే. వల కన్ను పెద్దదైతే చిన్న చేప దొరకదు. సూర్యునివంటి నక్షత్రాన్ని ఏడాదికొకసారి చుట్టే భూమిలాంటి గ్రహాన్ని పట్టడం నేటికీ కష్టమే.

మిత్రులారా! ప్రాక్టికల్సులో గ్రాఫు గీతకు దూరంగా పడ్డ చుక్కను రబ్బరుతో చెరిపే అలవాటు మనలో చాలామందికి ఉంది, నాకూ ఉంది. ఇకమీదట చెరిపేముందు ఇంకొక్కసారి కొలిచి చూద్దాం.