పుట్టిన దేశం లెక్కన పౌరసత్వం

అమెరికా పౌరసత్వానికి చట్టం పెట్టిన షరతులు విడిగా చూస్తే గుండెలు బాదుకునేంత కఠినమైనవి కావు. శాశ్వత నివాసానికి వీలిచ్చే గ్రీన్‌కార్డు చేతికొచ్చాక ఐదేళ్లు అక్కడ నివాసముండాలి. అమెరికా పౌరులను పెళ్లాడి కలిసి ఉంటున్నవారికి మూడేళ్లు చాలు. ఐదేళ్లలో కనీసం 30 నెలలు ఆ గడ్డమీదే గడిపి ఉండాలి. మంచి నడవడిక, కాస్త ఇంగ్లిషు, దేశ చరిత్ర మీదా ప్రభుత్వం మీదా నోటి పరీక్ష, చివర విధేయతా ప్రమాణం. ఇంజినీరింగో వైద్యమో చదివి వెళ్లినవారికి ఇందులో దాటలేనిదేమీ లేదు. చిక్కంతా ఆ ఐదేళ్ల లెక్క ఎప్పుడు మొదలవుతుందన్న దగ్గరే ఉంది. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద పదిహేనేళ్లు పనిచేసి, పన్నులు కట్టి, ఇల్లు కొని, పిల్లల్ని బడికి పంపినా అందులో ఒక్క రోజు కూడా పౌరసత్వం ఖాతాలోకి రాదు. గ్రీన్‌కార్డు ఎప్పుడొస్తుందో తేల్చడంలో చదువు, అనుభవం, నడవడికకన్నా మనిషి ఏ దేశంలో పుట్టాడన్నదే బలంగా పనిచేస్తోంది. పౌరులను ఎంచుకునే హక్కు ప్రతి దేశానికీ ఉంది. కానీ తన గడ్డమీద పాతికేళ్లు బతకనిచ్చిన మనిషిని పుట్టుక లెక్క చూసి గడప బయటే నిలబెట్టడం న్యాయం కాదు.

ఈ లెక్క 1990 నాటి వలస చట్టానిది. ఉద్యోగాల ఆధారంగా ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. అందులో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ మామూలుగా 7 శాతం దాటకూడదు. ఉద్యోగితోపాటు భార్య లేదా భర్త, పిల్లలు కూడా ఆ సంఖ్యలోకే వస్తారు కాబట్టి నిజంగా వరసలో ముందుకు కదిలే ఉద్యోగుల సంఖ్య ఇంకా చిన్నది. నూటనలభై కోట్ల జనమున్న భారతదేశానికీ, నాలుగు లక్షల మంది ఉన్న ఐస్‌లాండ్‌కూ పరిమితి ఒకటే. పౌరసత్వం మార్చుకున్నా ఈ ముద్ర పోదు. హైదరాబాదులో పుట్టి కెనడా పౌరుడైనవాడు భారత్ వరసలోనే నిలబడాలి. అదే తెలుగు తల్లిదండ్రులకు కువైట్‌లో పుట్టినవారు కువైట్ లెక్కలోకి వెళతారు. 2025 వీసా బులెటిన్లలో ఉన్నత విద్యార్హతలవారి విభాగమైన ఈబీ-2లో భారత్ తేదీ 2012, 2013 సంవత్సరాల మధ్యే నడిచింది, అంటే అప్పట్లో వరసలో చేరినవారి వంతే వచ్చింది. కొత్తగా వరసలో చేరే భారతీయులకు నిరీక్షణ 134 ఏళ్లని అక్కడి పరిశోధన సంస్థ కేటో ఇన్‌స్టిట్యూట్ 2023లో లెక్కగట్టింది. మనిషి ఆయుష్షును మించిన నిరీక్షణను ఆలస్యం అనలేం. అది నిరాకరణే.

అమెరికాలో మనవాళ్లకు నిరాకరణ కొత్త కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ శ్వేతజాతివాడు కాడు గనుక పౌరుడు కాలేడని 1923లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు ఆసరాగా, అప్పటికే పౌరులైన భారతీయుల నుంచి కూడా పౌరసత్వం లాక్కున్నారు. 1946లో లూస్-సెల్లర్ చట్టం ఆ తలుపు తీసింది, ఏడాదికి వంద మంది లెక్కన. జాతి మూలాన్ని బట్టి వాటాలు పంచే పద్ధతిని 1965 చట్టం రద్దుచేసింది. దేశాలకు ఒకే పరిమితి అన్నది ఆనాడు నిజమైన సంస్కరణే, దాన్ని తక్కువ చేయకూడదు. అయితే దేశాలను సమానంగా చూడాలన్న ఆ సూత్రం మనుషులను అసమానంగా చూసే దగ్గరికి వచ్చి చేరింది. ఒకే ఆఫీసులో ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరు త్వరగా పౌరులవుతుంటే, రెండోవారు రిటైరయ్యేదాకా వీసా పొడిగింపులతోనే నెట్టుకురావాలి.

ఆ పొడిగింపుల బతుకు ఎంత పెళుసో తెలుగు కుటుంబాలకు చెప్పనక్కర్లేదు. ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు. పసితనంలో వెళ్లి అక్కడే పెరిగిన పిల్లలు 21 ఏళ్లు నిండగానే తల్లిదండ్రుల వీసా నీడ నుంచి బయటికొచ్చి, పెరిగిన దేశంలోనే విదేశీ విద్యార్థులవుతారు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలో హైదరాబాదుకు చెందిన ఇంజినీరు విద్వేష కాల్పులకు బలయ్యాడు. భర్త పోవడంతోనే భార్యకు ఆ దేశంలో ఉండే హక్కూ పోయింది. ఓ అమెరికా కాంగ్రెస్ సభ్యుడు పూనుకుంటే తప్ప ఆమె తిరిగి వెళ్లలేకపోయింది. ఓటు సంగతీ అంతే. పన్ను కట్టే దేశంలో ఓటు లేదు. భారత్‌లో ప్రవాస ఓటరుగా పేరు నమోదు చేసుకోవచ్చు గానీ, వేయాలంటే విమానమెక్కి పోలింగ్ కేంద్రానికి రావాలి.

ఈ దేశాలవారీ పరిమితి ఎత్తేస్తే కార్డులన్నీ ఒకటి రెండు దేశాలకే పోతాయని కొందరి అభ్యంతరం. వైవిధ్యం కోసం ఆ దేశ చట్టంలో వేరే లాటరీ ఉంది, అందులో భారతీయులకు చోటే లేదు. ఉద్యోగపు గ్రీన్‌కార్డు నైపుణ్యం కోసం పుట్టింది. పైగా పనికి పిలిచే హెచ్-1బికి దేశాలవారీ పరిమితి లేదు. పనిలోకి తీసుకునేటప్పుడు అడ్డురాని పుట్టుక, స్థిరపడనిచ్చేటప్పుడు ఎందుకు అడ్డొస్తోంది? మరో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది: మొత్తం సంఖ్య పెంచకుండా పరిమితి తీసేస్తే భారతీయుల నిరీక్షణ మిగతావారి మీద పడుతుందని. నిజమే, పడుతుంది. అందుకే పరిమితి రద్దు ఒక్కటే చాలదు. కుటుంబ సభ్యులను 1,40,000లో లెక్కించడం మానాలి. ఒక్క ఉద్యోగికి ఒక్క సంఖ్య అన్నప్పుడు ఎవరి అన్నమూ లాక్కోకుండానే వరస చాలావరకు కదులుతుంది.

స్థానికుల జీతాలు పడిపోతాయన్నది ఇంకో మాట. జీతం పడేది యజమానిని వదిలి వెళ్లలేని కార్మికుడు ఉన్నచోట. ఉద్యోగం పోతే దేశమే వదలాల్సినవాడు బేరమాడలేడు, గ్రీన్‌కార్డున్నవాడు ఆడగలడు. ఇష్టం లేకపోతే తిరిగొచ్చేయవచ్చుగా అనేవాళ్లు మన దగ్గరా ఉన్నారు. వచ్చేవాళ్లు వస్తున్నారు, అందులో తప్పేమీ లేదు. కానీ ఇరవై ఏళ్ల శ్రమ తీసుకున్న దేశం ఆ మనిషికి బాకీపడిన మాటను ఈ సలహా చెరిపేయదు. దేశాలవారీ పరిమితి లేకుండానే కెనడా నడుస్తోంది. అక్కడ శాశ్వత నివాసి ఐదేళ్లలో 1,095 రోజులు గడిపితే పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు, పుట్టిన దేశం ఏదైనా సరే.

ఇది సాధ్యం కానిదీ కాదు. ఉద్యోగ వీసాల్లో దేశాలవారీ పరిమితి ఎత్తేసే బిల్లు 2019 జులైలో ప్రతినిధుల సభలో 365-65 ఓట్లతో గెలిచింది. 2020 డిసెంబరులో సెనేట్ కూడా తనదైన రూపాన్ని ఆమోదించింది. రెండు పాఠాలూ ఒకటి కాకుండానే ఆ కాంగ్రెస్ కాలం ముగిసింది. వరసలో ఉన్నవారికి ఓటు లేదు, వారు ఎవరినీ ఓడించలేరు. ఆ ఓటు వరస దాటి పౌరులైన తెలుగువారి చేతిలో ఉంది. 2022లోనే 2,25,620 మంది భారత పౌరసత్వం వదులుకుని వేర్వేరు దేశాల పౌరులయ్యారు, వారిలో అమెరికా ప్రమాణం చేసినవారు ఎందరో. మీ ప్రాంత కాంగ్రెస్ సభ్యుడు విరాళాల విందుకు వచ్చినప్పుడు ఫొటోతో సరిపెట్టకండి. ఆ బిల్లుకు మళ్లీ ఓటు వేస్తారా లేదా అని అడగండి, జవాబును బట్టే మీ ఓటు వేయండి.