పాత మౌంటెన్ బైక్ కొనుగోలు: కొలత, పరీక్ష, ఖర్చు

లక్ష్యాలు

ఈ భాగాన్ని అధ్యయనం చేసిన తరువాత మీరు:
• చక్రం కొలతకూ ఫ్రేము కొలతకూ గల తేడాను వివరించగలుగుతారు.
• మీ కాలి లోపలి పొడవును కొలుచుకొని, మీకు తగిన ఫ్రేమును లెక్కకట్టగలుగుతారు.
• పాత సైకిల్‌లో బాగుచేయదగిన లోపాలనూ, బాగుచేయరాని లోపాలనూ వేరు చేయగలుగుతారు.
• కొన్న ధరకూ అసలు ఖర్చుకూ గల తేడాను చెప్పగలుగుతారు.

1. విషయ పరిచయం

దూరవిద్యలో పుస్తకం మీ ఇంటికి వస్తుంది. కానీ కాంటాక్టు తరగతికీ, పరీక్షకూ మీరే వెళ్లాలి. హరిశ్చంద్రపురం నుంచి కోటబొమ్మాళికో టెక్కలికో, వజ్రపుకొత్తూరు వైపు తీరగ్రామం నుంచి పలాసకో చేరవలసిన విద్యార్థికి బస్సు వేళ తన పని వేళతో కలవకపోతే ఆనాటి తరగతి పోయినట్టే. ఉదయం జీడిపప్పు పరిశ్రమలోనో కొబ్బరి తోటలోనో పని ముగించుకొని వచ్చేవారికి సొంత సైకిల్ ఉండడం, లేకపోవడం అన్నది చదువు సాగడం, ఆగిపోవడం అన్నంత తేడా తెస్తుంది.

కొత్త గేర్ల సైకిల్ అందరికీ అందుబాటులో ఉండదు. అందుకే చాలామంది పాతదాని కోసం వెతుకుతారు. అక్కడ రెండు నష్టాలు పొంచి ఉంటాయి. మొదటిది, చవకగా వచ్చిందని ఒంటికి నప్పని సైకిల్ కొనడం. అది మోకాళ్లకూ నడుముకూ నొప్పి తెచ్చి, నెల తిరిగేసరికి గోడకు ఆనుకొని నిలబడిపోతుంది. రెండవది, పైకి మెరుస్తున్న సైకిల్ కొని, దాని ధరలో సగం మరమ్మతులకు పోయడం. ఈ రెండింటినీ ఒక టేపు, ఒక స్కేలు, ఒక గంట ఓపికతో చాలావరకు తప్పించుకోవచ్చు.

2. మౌంటెన్ బైక్ మన దారులకు ఎంతవరకు అవసరం?

ఈ రకం సైకిల్ పుట్టుకే పాత సైకిళ్ల నుంచి జరిగింది. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, మారిన్ కౌంటీలో కొందరు యువకులు లావు టైర్లున్న పాతకాలపు సైకిళ్లను సేకరించి, బాగుచేసుకొని, టమల్పయిస్ కొండ మట్టిదారుల మీద దిగేవారు. 1976లో అక్కడ పందేలు కూడా మొదలయ్యాయి. 1981లో స్పెషలైజ్డ్ సంస్థ స్టంప్‌జంపర్ అనే నమూనాను పెద్ద సంఖ్యలో తయారుచేయడంతో ఈ సైకిల్ సామాన్య విపణిలోకి వచ్చింది. వెడల్పు టైర్లు, బలమైన ఫ్రేము, తేలిక గేర్లు దీని ముఖ్య లక్షణాలు.

ఉద్దానం ఇసుక నేలలో వెడల్పు టైరు నిజంగా ఉపయోగపడుతుంది. బరువును ఎక్కువ నేల మీద పరచి, చక్రం కూరుకుపోకుండా చూస్తుంది. టైరు పక్కన అచ్చువేసిన హద్దుల్లోనే గాలి కొంత తగ్గిస్తే ఈ గుణం పెరుగుతుంది. అయితే మీ దారిలో ఎక్కువ భాగం తారురోడ్డే అయితే, ముతక పళ్లున్న టైరు అనవసరంగా మీ శక్తిని తింటుంది. అప్పుడు మధ్యలో నున్నగా ఉండి, అంచుల్లో మాత్రమే పళ్లున్న టైరు మేలు.

స్ప్రింగుల విషయంలో ఆకర్షణకు లొంగవద్దు. చవక సైకిళ్లలో ముందు స్ప్రింగు ఫోర్కు బరువు పెంచుతుంది, పాతబడితే బిగుసుకుపోతుంది. వెనుక కూడా స్ప్రింగు ఉంటే మీరు తొక్కే బలంలో కొంత ఊగులాటకే పోతుంది. వెనుక క్యారియర్ బిగించడమూ కష్టమే. పుస్తకాల సంచి, కొబ్బరికాయల బస్తా, ఇంటి సరుకులు మోయవలసినవారికి స్ప్రింగులు లేని గట్టి ఫ్రేమే మంచిది.

3. రెండు కొలతలు, ఒక పొరపాటు

షాపులో "ఏ సైజు?" అని అడిగితే "ఇరవై ఆరు" అనే జవాబు వినిపిస్తుంది. అది చక్రం కొలత. సైకిల్ మీకు సరిపోతుందా లేదా అన్నది దానివల్ల తేలదు. తేల్చేది ఫ్రేము కొలత. ఒకే 26 అంగుళాల చక్రం మీద 14 అంగుళాల ఫ్రేమూ ఉండవచ్చు, 19 అంగుళాల ఫ్రేమూ ఉండవచ్చు.

(అ) ఫ్రేము కొలత: పెడళ్ల ఇరుసు మధ్య బిందువు నుంచి, సీటు కడ్డీ దిగే గొట్టం పై అంచు వరకు ఉన్న పొడవు. దీన్ని అంగుళాల్లో చెబుతారు. తయారీదారులు కొలిచే తీరులో కొద్దిపాటి తేడాలుంటాయి కాబట్టి అంటించిన స్టిక్కరును నమ్మకుండా మీరే టేపు పెట్టండి.

(ఆ) చక్రం కొలత: మౌంటెన్ బైకుల్లో 26, 27.5, 29 అంగుళాలు అనే మూడు రకాలు సాధారణం. ఇక్కడ ఒక చిక్కుంది. టైరు పక్కన 26×1.95 అని ఉంటే అది 559 మిల్లీమీటర్ల రిమ్ముకు సరిపోతుంది. 26×1⅜ అని ఉంటే అది 590 మిల్లీమీటర్ల రిమ్ముది. మామూలు లేడీస్ సైకిళ్లలో ఈ రెండో రకం తరచుగా కనిపిస్తుంది. రెండింటినీ "ఇరవై ఆరు" అనే అంటారు గానీ, ఒకదాని టైరు మరొకదానికి ఎక్కదు. కాబట్టి టైరు మీద సంఖ్యలను పూర్తిగా రాసుకొని, ఆ కొలత టైరు మీకు దగ్గరలోని షాపులో దొరుకుతుందో లేదో ముందే అడగండి.

4. మీ కొలత తీసుకొనే పద్ధతి

చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడండి. పాదాల మధ్య జానెడు ఎడం ఉంచండి. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ల మధ్య నిలువుగా పెట్టి, సీటు మీద కూర్చున్నంత ఒత్తిడితో పైకి నొక్కండి. పుస్తకం పై అంచు నుంచి నేల వరకు మరొకరి చేత సెంటీమీటర్లలో కొలిపించుకోండి. మూడుసార్లు కొలిచి సగటు తీసుకోండి. ఇదే మీ కాలి లోపలి పొడవు.

ఈ పొడవును 0.226తో గుణిస్తే మౌంటెన్ బైక్ ఫ్రేము కొలత సుమారుగా అంగుళాల్లో వస్తుంది.

68 సెం.మీ. — 15.4 అంగుళాలు
72 సెం.మీ. — 16.3 అంగుళాలు
76 సెం.మీ. — 17.2 అంగుళాలు
80 సెం.మీ. — 18.1 అంగుళాలు
84 సెం.మీ. — 19.0 అంగుళాలు

ఒకే ఎత్తున్న ఇద్దరికి కాళ్ల పొడవు వేరుగా ఉండవచ్చు. అందుకే మనిషి ఎత్తును మాత్రమే చూసి సైకిల్ నిర్ణయించకూడదు. "ఆడపిల్లకు చిన్నది చాలు" అనే మాటకూ ఆధారం లేదు. టేపు ఏది చెబితే అదే కొలత.

లెక్క తరువాత సైకిల్ దగ్గర మూడు పరీక్షలు చేయండి.

మొదటిది: సీటుకు ముందు, పై కడ్డీకి అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడండి. పాదాలు రెండూ పూర్తిగా నేలకు ఆనాలి. కడ్డీకీ మీకూ మధ్య కనీసం 5 సెం.మీ. ఖాళీ ఉండాలి. ఇసుకలో చక్రం జారి ఒక్కసారిగా దిగవలసి వచ్చినప్పుడు ఈ ఖాళీయే మిమ్మల్ని కాపాడుతుంది.

రెండవది: సీటు మీద కూర్చొని, మడమను కిందికి వచ్చిన పెడలు మీద ఉంచండి. కాలు నిటారుగా చాచుకోవాలి, నడుము పక్కకు ఒరగకూడదు. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడలు మీద ఉంటుంది కనుక మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదే సరైన స్థితి. అంకెల్లో కావాలంటే కాలి లోపలి పొడవును 0.883తో గుణించండి. పెడళ్ల ఇరుసు మధ్య నుంచి సీటు పై అంచు వరకు అంత ఎత్తు ఉండాలి.

మూడవది: హ్యాండిల్ పట్టుకున్నప్పుడు మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి. చేతులు పూర్తిగా చాచవలసి వస్తే ఫ్రేము మీకు పొడవు. మోకాళ్లు హ్యాండిల్‌కు తగులుతుంటే పొట్టి.

రెండు కొలతల మధ్య సందేహం వస్తే చిన్నదాన్నే ఎంచుకోండి. సీటును కొంతవరకు పైకి లేపవచ్చు. కానీ ఎత్తుగా ఉన్న పై కడ్డీని ఎవరూ దించలేరు.

5. ఇంటిల్లిపాదికీ ఒకే సైకిల్

మన ఇళ్లలో సైకిల్ ఒక్కరిదే కావడం అరుదు. అక్క కాలి పొడవు 68 సెం.మీ., తమ్ముడిది 80 సెం.మీ. అనుకుందాం. లెక్క ప్రకారం ఒకరికి 15.4, మరొకరికి 18.1 అంగుళాలు రావాలి. ఎవరి కోసం కొనాలి?

రోజూ తొక్కేవారిలో పొట్టివారికి భద్రంగా ఉండేదే కొనాలి. 16 అంగుళాల ఫ్రేము తీసుకుందాం. అంటే 40.6 సెం.మీ. అక్కకు కావలసిన సీటు ఎత్తు 68×0.883, సుమారు 60 సెం.మీ. తమ్ముడికి 80×0.883, సుమారు 70.6 సెం.మీ. ఫ్రేము 40.6 పోగా తమ్ముడికి ఇంకా 30 సెం.మీ. కావాలి. సీటు మందం సుమారు 5 సెం.మీ. తీసేస్తే, సీటు కడ్డీ 25 సెం.మీ. బయటికి రావాలి. కడ్డీ మొత్తం పొడవు 30 సెం.మీ. అయితే లోపల 5 సెం.మీ. మాత్రమే మిగులుతుంది. అది ప్రమాదం. 35 సెం.మీ. కడ్డీ వేస్తే లోపల 10 సెం.మీ. ఉంటుంది. అంటే సైకిల్ మార్చనక్కరలేదు, కడ్డీ మారిస్తే చాలు. కొత్త కడ్డీ లావు పాతదానితో సరిగ్గా సమానంగా ఉండాలి. కడ్డీ మీద హద్దుగీత ఉంటుంది. ఆ గీత బయటికి కనిపించేంతగా ఎప్పుడూ లేపకూడదు.

6. పాత సైకిల్‌ను పరీక్షించడం

నౌపడా ఉప్పుమడుల ప్రాంతంలోనూ, సముద్రతీరం పొడవునా గాలిలోని ఉప్పు తేమ ఇనుమును త్వరగా తింటుంది. కనుక ఈ ప్రాంతంలో పరీక్ష తుప్పుతోనే మొదలుపెట్టాలి.

• సీటు కడ్డీని మీ కళ్ల ముందే పైకీ కిందికీ కదిలించమనండి. ఇనుప ఫ్రేములో అల్యూమినియం కడ్డీ ఉప్పు తేమకు పట్టేసి కదలకుండా పోవచ్చు. కదలని సీటుంటే, మీరు వేసిన కొలతల లెక్కంతా వృథా.
• హ్యాండిల్ గొట్టం దగ్గర, పెడళ్ల ఇరుసు దగ్గర, వెనుక చక్రం బిగించే చోట అతుకులను గుడ్డతో తుడిచి చూడండి. రంగు ఉబ్బినా, వెంట్రుకవాసి గీత కనిపించినా పగులుగా అనుమానించండి. పగిలిన ఫ్రేమును ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.
• ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. హ్యాండిల్ మెడలో టకటక శబ్దం వస్తే అక్కడి బాల్సో కప్పులో వదులయ్యాయి.
• చక్రాన్ని లేపి తిప్పండి. బ్రేకు రబ్బరుకూ రిమ్ముకూ మధ్య ఖాళీ మారుతూ ఉంటే చక్రానికి వంకర ఉంది. కొద్దిపాటి వంకరను స్పోకులు బిగించి తీయవచ్చు.
• చైనులో ఒక పిన్ను మధ్య నుంచి స్కేలు పెట్టండి. కొత్త చైనులో సరిగ్గా 12 అంగుళాల దగ్గర మరో పిన్ను మధ్య వస్తుంది. అది 1/16 అంగుళం దాటి ఉంటే చైను మార్చాలి. 1/8 అంగుళం దాటితే పళ్లచక్రాలు కూడా అరిగి ఉంటాయి. ఖర్చు పెరుగుతుంది.
• ప్రతి గేరూ వేసి తొక్కి చూడండి. నిలిపిన సైకిల్ మీద గేర్ల సంగతి తెలియదు.
• ఫ్రేము అడుగున ఉండే నంబరును పాత బిల్లుతో సరిచూడండి. బిల్లు లేకపోతే అమ్మినవారి సంతకంతో చిన్న రసీదు రాయించుకోండి. దొంగసొత్తు కొన్నారనే నింద మీ మీదికి రాకూడదు.

7. ధర, అసలు ఖర్చు

అర్థశాస్త్రవేత్త జార్జ్ అకర్లాఫ్ 1970లో పాత కార్ల విపణిని ఉదాహరణగా తీసుకొని ఒక ముఖ్యమైన విషయం చెప్పాడు. వస్తువు లోపాలు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియవు. కొనేవాడు భయంతో సగటు ధరే ఇవ్వజూపుతాడు. ఆ ధరకు మంచి వస్తువు గలవాడు అమ్మడు. క్రమంగా విపణిలో నాసిరకమే మిగులుతుంది. ఈ కృషికి 2001లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి లభించింది.

మీకు దీనిలోని పాఠం ఏమిటంటే, సమాచారంలోని ఆ అంతరాన్ని తగ్గించుకున్నంత మేరకు మీ నష్టం తగ్గుతుంది. పై పరీక్షలన్నీ అందుకే. తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకువెళ్లి అతని శ్రమకు తగిన డబ్బు ఇవ్వడం కూడా లాభమే. ఊరిలో అందరికీ తెలిసిన మనిషి దగ్గర కొంటే అతని మాటకు అతని పరువే హామీ. ఫోనులో ప్రకటన చూసి ముక్కూమొహం తెలియనివారి దగ్గర కొన్నప్పుడు ఆ హామీ ఉండదు. ముందుగా డబ్బు పంపవద్దు.

ఉదాహరణగా మీ దగ్గర రూ. 4,000 ఉన్నాయనుకోండి. మొదటి సైకిల్ ధర రూ. 2,500. కొలత సరిపోయింది. టైర్లు, చైను, బ్రేకు రబ్బర్లకు రూ. 1,300 అవుతుందని మెకానిక్ చెప్పాడు. మొత్తం రూ. 3,800. రెండో సైకిల్ ధర రూ. 3,200. అన్నీ బాగున్నాయి, కానీ ఫ్రేము మీకు మూడు అంగుళాలు పెద్దది. (ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి మాత్రమే.) చూపుకు రెండోదే లాభం. కానీ మొదటిదాని లోపం డబ్బుతో తీరుతుంది, రెండోదాని లోపం తీరదు. పైగా మొదటిదానిలో మార్చిన విడిభాగాలు కొత్తవి కనుక చాలాకాలం వస్తాయి. ఈ మరమ్మతుల జాబితాను చూపే బేరం ఆడండి. గొంతు పెంచినదానికంటే చేతిలోని కాగితం బాగా పనిచేస్తుంది.

8. సారాంశం

సైకిల్‌ను ఎంచుకొనేటప్పుడు వరుస తప్పకూడదు. ముందు మీ దారి, తరువాత మీ కొలత, ఆ తరువాత సైకిల్ ఆరోగ్యం, చివరకు ధర. చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి, ధరతో మొదలుపెడతారు. చక్రం కొలత టైరు కొనడానికి, ఫ్రేము కొలత ఒంటికి. ఫ్రేము పగులు, నప్పని ఫ్రేము, పట్టేసిన సీటు కడ్డీ ఉన్న సైకిల్‌ను వదిలేయండి. టైరు, చైను, బ్రేకు, చక్రం వంకర వంటివి లెక్కలో వేసుకొని ధర తగ్గించండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. కాలి లోపలి పొడవు 74 సెం.మీ. గల వ్యక్తికి ఫ్రేము కొలత, సీటు ఎత్తు లెక్కకట్టండి. (జవాబు: సుమారు 16.7 అంగుళాలు, 65.3 సెం.మీ.)
2. 26×1.95 టైరు 26×1⅜ రిమ్ముకు ఎందుకు ఎక్కదు?
3. తీరప్రాంతంలో సీటు కడ్డీని ముందుగా పరీక్షించడం ఎందుకు అవసరం?
4. మీ ఇంట్లో సైకిల్ తొక్కే ఇద్దరి కొలతలు తీసుకొని, ఇద్దరికీ ఒకే సైకిల్ సరిపోతుందేమో లెక్కతో చూపండి.