కేస్ పేపర్ మీద ఏం రాయకూడదు?

మునిసిపల్ ఆసుపత్రి కాన్పుల వార్డులో కోడలిని చేర్పించిన అత్త, దారిలో సిస్టర్‌ని ఆపుతుంది. "రిపోర్టుల ఏమొచ్చింది సిస్టర్? అంతా మంచిదేనా?" రిపోర్టులో హెచ్‌ఐవీ అని వచ్చింది. కౌన్సిలర్ ఆ సంగతి కోడలికి చెప్పింది, ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. డాక్టర్ల రౌండ్ అయిపోయింది. ఇప్పుడు జవాబు చెప్పాల్సింది నర్సే. నాయకత్వం, నీతి, రోగి భద్రత అని నర్సింగ్ పుస్తకాలు వేర్వేరు పాఠాలుగా చెప్పేవన్నీ ఆ జవాబులోనే తేలాలి.

ముంబయిలో, అందునా కామాఠిపురలో, ఈ జవాబుకు బరువు ఎక్కువ. పద్దెనిమిదో శతాబ్ది చివరి నుంచి నిజాం ఇలాకా తెలుగు పల్లెలు వదిలివచ్చి, బొంబాయి కట్టడాలకు రాళ్ళూ మట్టీ మోసిన కామాఠీ కూలీల పేటే ఇది. బ్రిటిష్ హయాంలో అవే గల్లీల్లో లైంగిక వ్యాపారం పాతుకుపోయింది. కూలీల సంసారాలూ, ఆ వ్యాపారపు ఇళ్ళూ పక్కపక్కనే సాగాయి. 1986లో చెన్నైలో సెక్స్ వర్కర్ల రక్త నమూనాల్లో దేశంలోనే మొదటిసారి హెచ్‌ఐవీ బయటపడ్డాక, అందరి చూపూ ఇటు మళ్ళింది. 1996లో పోలీసులు ముంబయి వేశ్యావాటికల మీద దాడులు చేసి, వందల మంది అమ్మాయిలను హోములకు తరలించారు. అక్కడ వాళ్ళ ఇష్టంతో పనిలేకుండా హెచ్‌ఐవీ పరీక్షలు చేశారని విమర్శలు వచ్చాయి. ఆ తర్వాత చాలాకాలం చిరునామా చెబితేనే అనుమానంగా చూసే పరిస్థితి.

ఒక్కో ఖోలీలో (గదిలో) ఒక్కో సంసారం ఉండే చాల్‌లో రహస్యం దాగదు. వరండా ఒకటే, పంపు ఒకటే, మరుగుదొడ్ల ముందు వరస ఒకటే. ఎవరి ఖోలీకి ఏ ఆరోగ్య సేవిక వచ్చిందో సాయంత్రానికి గల్లీ అంతా తెలుస్తుంది. వార్డులో జారిన ఒక్క మాట కిరాయి ఖోలీని, పిల్లల బడిని, చేసే పనిని పోగొట్టవచ్చు. ఉద్యోగం పోయిన కేసు ఒకటి బాంబే హైకోర్టు దాకా వెళ్ళింది. హెచ్‌ఐవీ ఉందని ఒక ప్రభుత్వ రంగ సంస్థ పని నిరాకరించిన దినసరి కూలీకి 1997లో కోర్టు న్యాయం చేసింది. పని చేయగల ఒంటి బలం ఉన్నవాణ్ణి ఆ ఒక్క కారణంతో తీసేయకూడదంది. అసలు పేరు బయటపెట్టకుండా కేసు నడుపుకోనిచ్చింది.

ఇప్పుడు చట్టమే ఉంది. 2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం, బ్లడ్ బ్యాంకు పరీక్ష, కోర్టు ఆదేశం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప, విషయం వివరించి ఒప్పుకోలు తీసుకున్నాకే పరీక్ష చేయాలి. ఫలితం మరొకరికి చెప్పాలంటే రోగి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. వైద్యం చేసే సిబ్బందికి, అదీ చికిత్సకు అవసరమైతేనే, మినహాయింపు. భర్తకో భార్యకో చెప్పే అధికారం డాక్టరుకూ కౌన్సిలర్‌కూ మాత్రమే ఉంది. అదీ అవతలి మనిషికి ముప్పు గట్టిగా ఉండి, నువ్వే చెప్పమని రోగికి నచ్చజెప్పినా చెప్పరని తేలి, మేము చెబుతున్నామని ముందుగా రోగికి తెలియజేశాకే. చెబితే భార్యను కొడతారనో, ఇంట్లోంచి గెంటేస్తారనో భయముంటే చెప్పకూడదు. అత్తకు ఇందులో చోటే లేదు. కాబట్టి సిస్టర్ జవాబు, "ఎవరి రిపోర్టు వాళ్ళకే చెబుతామమ్మా, మీ కోడల్నే అడగండి." ఈ మాట హెచ్‌ఐవీ లేని వాళ్ళ అత్తలకూ అచ్చంగా ఇలాగే చెప్పాలి. కొందరి విషయంలోనే నోరు కట్టేసుకుంటే ఆ మౌనమే గుట్టు రట్టు చేస్తుంది.

సిబ్బంది భయం సంగతి

"మా ప్రాణాల సంగతేమిటి?" అని నర్సులు అడుగుతారు. ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు. దాంతోనే కొన్ని వార్డుల్లో కేస్ పేపర్ మీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టడం, మంచాన్ని మూలకు జరపడం లాంటి అలవాట్లు పుట్టాయి. కానీ ఆ గుర్తు నర్సును కాపాడదు. వైరస్ సోకిన తొలి వారాల్లో పరీక్షకు దొరకకపోవచ్చు. అసలు పరీక్షే చేయించుకోని వాళ్ళూ ఉంటారు. ఎర్ర గుర్తున్న మంచం దగ్గర చేతులకు తొడుగులు వేసుకుని, గుర్తులేని మంచం దగ్గర వదిలేసే నర్సుకే ప్రమాదం ఎక్కువ.

లెక్కలూ ఇదే చెబుతాయి. హెచ్‌ఐవీ ఉన్నవారికి వాడిన సూది గుచ్చుకుంటే సోకే అవకాశం వెయ్యికి సుమారు మూడు. హెపటైటిస్ బి అయితే, టీకా వేయించుకోని వారికి నూటికి ముప్పై దాకా ఉండవచ్చు. ఏ గుర్తూ లేని మంచం మీది రోగి రక్తంలోనూ అది ఉండవచ్చు. అందుకే ఎవరి రక్తమైనా ఒకటే అనుకుని జాగ్రత్తపడమంటుంది ఆసుపత్రి శాస్త్రం. అందరి దగ్గరా తొడుగులు వేసుకోవాలి. వాడిన సూదికి మూత పెట్టకుండా, గుచ్చినా చిల్లుపడని తెల్ల డబ్బాలో వేయాలి. హెపటైటిస్ బి టీకా తప్పకుండా వేయించుకోవాలి. ఇవన్నీ పాటించే వార్డులో ఎవరికి హెచ్‌ఐవీ ఉందో నలుగురికీ తెలియాల్సిన అవసరమే ఉండదు. రోగి గుట్టు కాపాడే పద్ధతీ నర్సు ప్రాణం కాపాడే పద్ధతీ ఒకటే.

సిస్టర్ ఇన్‌చార్జ్ చేతిలో ఉన్నది

నాయకత్వం అనేది ఇక్కడ కనపడుతుంది. తొడుగులు అయిపోయిన వార్డులో నీతి గురించి ఉపన్యాసం చెప్పి లాభం లేదు. ఇండెంట్ రాసి, రాకపోతే మేట్రన్ దాకా వెళ్ళి తెప్పించడం ఇన్‌చార్జ్ పని. భద్రతా సామగ్రి, శిక్షణ, సూది గుచ్చుకుంటే వేసుకునే మందులు సమకూర్చే బాధ్యతను చట్టం ఆసుపత్రి మీదే పెట్టింది. ఆ మందుల మొదటి మోతాదు వీలైతే రెండు గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు పడాలి. తర్వాత 28 రోజులు వాడాలి. కాబట్టి రాత్రి డ్యూటీలో ఉన్న కొత్త నర్సుకు ఆ మందు ఏ బీరువాలో ఉందో, తాళం ఎవరి దగ్గరుందో ముందే తెలియాలి. సూది గుచ్చుకుందని చెప్పినవారిని తిడితే రెండోవారు చెప్పకుండా దాచుకుంటారు. ఆ దాపరికం ప్రాణం మీదికి తెస్తుంది.

భాష సంగతి కూడా ఇన్‌చార్జే చూడాలి. కామాఠిపుర ముసలమ్మకు తెలుగే దగ్గర, సిస్టర్‌కు మరాఠీ. మధ్యలో పక్కింటావిడనో, బడికెళ్ళే మనవణ్ణో నిలబెట్టి ఒప్పుకోలు అడిగితే, గుట్టు అక్కడికక్కడే గల్లీకెక్కుతుంది. వార్డులోనో, పక్క విభాగంలోనో తెలుగు వచ్చిన ఉద్యోగిని పిలిపించడానికి పట్టే పావుగంట వృథా కాదు. డ్యూటీ మారేటప్పుడు వివరాలు మంచం పక్కన గట్టిగా చదవకుండా, టేబుల్ దగ్గర నెమ్మదిగా అప్పజెప్పాలి.

తల్లికి నమ్మకం కుదిరితే ఫలితం బిడ్డకు దక్కుతుంది. ఏ చికిత్సా లేకపోతే, పాలిచ్చే కాలంతో కలిపి, తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 దాకా ఉంటుంది. తల్లీబిడ్డలు మందులు సరిగా వాడితే అది అయిదు కంటే తగ్గుతుంది. గుట్టు బయటపడుతుందని భయపడిన ఇల్లాలు మందులకు రాదు. మాట దాచిన సిస్టర్ కాపాడింది ఒక పరువునే కాదు, ఒక పసిబిడ్డనూ.

రోగులకూ దారులున్నాయి. ఇరవై మందో, అంతకు మించో సిబ్బంది ఉన్న ప్రతి ఆసుపత్రిలో ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఆపైన రాష్ట్రానికి అంబుడ్స్‌మన్ ఉండాలి. సలహా కావాలంటే 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. అయితే ఫిర్యాదు దాకా వెళ్ళే నాటికి మాట గల్లీ దాటిపోయి ఉంటుంది, దాన్ని వెనక్కి తేగల కోర్టు లేదు. అందుకే శిక్ష కన్నా, తొడుగుల డబ్బా ఖాళీ కాకుండా చూసుకునే ఇన్‌చార్జ్ ఎక్కువ పనికొస్తుంది.