వయోజనుల క్రైస్తవ వేదపాఠము - పదార్థవిచారము

బాలునకు విద్య నేర్పుట వేఱు, వయోజనునకు నేర్పుట వేఱు. బాలుఁడు పదమును బదార్థమును ఒక్కమాఱే గ్రహించును. వయోజనుఁడో, పదములను వాని యర్థములతోఁ గూడ ముందే సంపాదించుకొని వచ్చి గురువునెదుటఁ గూర్చుండును. పాతపదమునకుఁ గ్రొత్తయర్థము చెప్పఁబూనినపుడు శ్రోత మనసులోని పూర్వార్థ మడ్డుపడును. ఈ చిక్కు ఏ శాస్త్రమును బెద్దలకు బోధించునపుడైనను గలదు. తెలుఁగునాటఁ గ్రైస్తవ మతగ్రంథమును బోధించు విషయమున నిది మిక్కిలి స్పష్టముగాఁ గానవచ్చును. ఆ బోధనరీతియు, దానిలోఁ బదార్థవివరణమునకుఁ గల స్థానమును ఇందు నిరూపింపఁబడును.

హైదరాబాదునకు ఉత్తరమున, నాగపూరు బాటపై మేడ్చలును, కరీంనగరు బాటపైఁ బెద్దచెఱువు గల శామీరుపేటయు నున్నవి. ఇవి రెండును 2016వ సంవత్సరమున నేర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనివి. పందొమ్మిదవ శతాబ్ది చివరిపాదమున వెస్లియను మెథడిస్టు బోధకులు సికింద్రాబాదు మొదలుకొని యీ యుత్తరదిక్కుననే మెదకు, సిద్ధిపేట, కరీంనగరులలోఁ దమ స్థానముల నేర్పఱచుకొనిరి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘ మేర్పడినపుడు వారి సంఘములు దానిలోని మెదకు మండలమున లీనమైనవి. ఆ తొలినాళ్లలో బోధ నాలకించినవారిలోఁ బెక్కండ్రు పగలెల్లఁ బొలములలోఁ గూలిచేసి బ్రదుకు నిరక్షరులైన పెద్దలు. కావున వారికిఁ బాఠము పుస్తకముకంటె ముందు ముఖతః సాగవలసివచ్చెను.

అక్షరము రానివానికి విద్య లేదనుట మన దేశమునఁ జెల్లదు. వేదములే గురుముఖమున విని ధరింపఁబడినవి గదా! 1912వ సంవత్సరమున దోర్నకల్లు అధ్యక్షుఁడైన వేదనాయకము సామ్యూలు అజరయ్య పాలనలోఁ గూడ, బాప్తిస్మము గోరు పెద్దలు ప్రభువు నేర్పిన ప్రార్థనను, విశ్వాసప్రమాణమును, పదియాజ్ఞలను నోటికి నేర్చుట ముఖ్యాంశముగా నుండెను. వీనికిఁ దోడు కీర్తనలు. పురుషోత్తమ చౌదరి (1803-1890) మొదలగువారు క్రైస్తవకథను మన దేశపు రాగతాళములలోఁ బాడుకొనుటకుఁ దగినట్లు రచించిరి. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అను సంపుటమున రాగతాళములు సూచింపఁబడుట నేఁటికిని గలదు. పల్లవి మాటిమాటికిఁ దిరిగివచ్చుటచే ముఖ్యార్థము మనసున నాటును. చరణములు కథను నడుపును. తాళము పదము జాఱిపోకుండఁ గాచును. పదమొక్కటి తప్పినను తాళము కుంటువడును. పాడువాఁడు తన తప్పు తానే తెలిసికొనును. పుస్తకము లేని విద్యార్థికి ఇంతకంటె మంచి పరీక్షకుఁడు లేఁడు.

వినికికిఁ దోడు చూపు. చార్లెస్ వాకర్ పాస్నెట్టు పూనికతో మెదకునఁ గట్టఁబడిన పెద్దగుడి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపఁబడెను. అది 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు గలది. ఫ్రాంకు సాలిస్బరీ యను నాంగ్లచిత్రకారుని రంగుటద్దముల గవాక్షములు మూఁడింటఁ గ్రీస్తుజననము, సిలువ, ఆరోహణము వరుసగాఁ జూడనగును. పగటివెలుఁగు వెలుపలినుండి ప్రసరించినపుడే లోపలివారికి బొమ్మ తేటపడును. 1939లోఁ బ్రతిష్ఠ జరిగిన దోర్నకల్లు గుడిలో హైందవమండపముల స్తంభరీతియు మహమ్మదీయ నిర్మాణముల గుమ్మటములును గలసియున్నవి. చదువరికి గ్రంథమెట్టిదో, నిరక్షరునకుఁ గుడ్యమును గవాక్షమును అట్టివి.

అయినను గీతము పదమును నిలుపును, చిత్రము కథను నిలుపును. అర్థమును నిలుపు భారము గురువుదే. పాఠము కంఠస్థమగుట యొకటి, అర్థము హృదయస్థమగుట మఱియొకటి. అర్థమెఱుఁగక వేదము వల్లించుట వట్టి భారవహనమని యాస్కుని నిరుక్తమున నిందింపఁబడినది. ఈ మాట సత్యవేదమని క్రైస్తవులు పిలుచుకొను గ్రంథమునకును వర్తించును. అందలి కొన్ని పదములను బరిశీలించిన నీ విషయము తేటపడఁగలదు.

'సువార్త' యను పదము చక్కగాఁ గుదిరినది. గ్రీకుమూలమున 'యు' అనఁగా మంచి, 'ఆంగెలియా' యనఁగా వార్త. తెలుఁగున నవయవమున కవయవము సరిపోయిన ప్రాదిసమాసము. దీనికి వ్యాఖ్య యక్కఱలేదు. 'మారుమనస్సు' అట్టిది కాదు. ఇది గ్రీకున 'మెటానొయా'. తెలుఁగుపదము మొదటను, సంస్కృతపదము తుదను గల మిశ్రసమాసము. లక్షణము ననుసరించి 'మాఱు' అని శకటరేఫముతో నుండవలయును. మాఱుపేరు వేఱొకపేరు, మాఱుతల్లి సవతితల్లి. ఈ వాడుకలకు అలవడిన శ్రోత 'వేఱొక మనస్సు' అని గ్రహించుట సహజము. ఉద్దిష్టమైన యర్థము 'మాఱిన మనస్సు', అనఁగా నడచుచున్న త్రోవనుండి మఱలుట. దీనిని బశ్చాత్తాపమని చెప్పిన నర్థము సగమే వచ్చును. త్రాగి యిల్లు గుల్ల చేసికొన్నవాఁడు తెల్లవాఱి వగచి, సాయంకాలము మరల నంగడికిఁ బోవచ్చును. వానికిఁ బశ్చాత్తాపము గలదు, మాఱుమనస్సు లేదు. ఈ భేదమును విడమఱచి చెప్పిన నొకరాత్రి పాఠమునకుఁ జాలును.

మోషేద్వారా వచ్చిన విధులకుఁ దెలుఁగున 'ధర్మశాస్త్రము' అని పేరు. పండితునకు మన్వాదులు స్ఫురింతురు. కచేరీలు చూచిన రైతునకుఁ జట్టము స్ఫురించును. హీబ్రూ మూలమున 'తోరా' యనఁగా నుపదేశము. దీనిచే శాసింపఁబడును గాన శాస్త్రమని వ్యుత్పత్తి చెప్పుకొనిన, శాసనమనఁగా శిక్షణము గూడఁ గావున, మన పదమే మూలార్థమునకు దగ్గఱ వచ్చును. ఇచ్చట వ్యాకరణము మతబోధకునకు మిత్రము.

యోహాను సువార్త మొదట గ్రీకున 'లోగొస్' అనియున్న చోటఁ దెలుఁగువారు 'వాక్యము' అనిరి. సంస్కృతానువాదమున 'వాద' శబ్దము వాడఁబడినది. గ్రీకుపదమునకు మాట యనియు, బుద్ధి యనియు రెండర్థములు గలవు. వైయాకరణునకు వాక్యము క్రియతోఁ గూడిన పదసముదాయము. సంఘములోని వాడుకలోనో, 'వాక్యము చెప్పుట' యనఁగాఁ బ్రసంగించుట. కావున నాదిని వాక్యముండెనన్నచో, సామాన్యశ్రోత పుస్తకమే యాదినుండెనని భ్రమపడవచ్చును. అచ్చట నుద్దేశింపఁబడినది పుస్తకము గాదు, ఒక దివ్యవ్యక్తి యని చెప్పనిచో నధ్యాయమంతయు వ్యర్థము. భర్తృహరి శబ్దతత్త్వము నెఱిఁగిన పండితునకు సామ్యము తోఁపవచ్చును గాని, రెండును ఒక్కటే యని తలఁచుట తొందరపాటు.

మత్తయి సువార్తలోని ద్రాక్షతోట కూలివారి కథ మేడ్చలు శామీరుపేట పరిసరములకు మిక్కిలి యనుకూలమైనది. హైదరాబాదు చుట్టుపట్లఁ బందిళ్లపైఁ బెరుగు అనాబెషాహీ ద్రాక్షకుఁ బ్రసిద్ధి యుండెను. నగరము పెరిగినకొలఁది తోటలు తఱిగినవి. ఆ తోటలలోఁ గూలిచేసినవారికి ద్రాక్షతోట యన నేమో చెప్పఁబనిలేదు. యజమానుఁడు తెల్లవాఱుజామునఁ బిలిచినవానికిని, ప్రొద్దు గ్రుంకఁబోవు వేళఁ బిలిచినవానికిని ఒక్కటే కూలి, ఒక దేనారము, ఇచ్చెనని కథ. బాలుఁడు దీనిని విని యూరకుండును. పగలెల్ల నెండలో వంగినవాఁడు 'ఇది న్యాయమా?' యని యడుగును. ఆ ప్రశ్నయే పాఠము. దేనారమనఁగా నేమో తెలియనిచో నీ ప్రశ్న పుట్టదు. అది రోమకుల వెండినాణెము, ఒకనాఁటి కూలి. అమరకోశము చదివిన బడిపంతులునకు దీనారము తెలిసినదే. శ్రీనాథుని కనకాభిషేకపు టంకములను బట్టియు నా పేరు ప్రసిద్ధము. సంస్కృత దీనారమును, తెలుఁగు సత్యవేదపు దేనారమును ఒక్క లాటిను పదమునుండియే వచ్చినవి. కాని పండితుఁడు ఈ గ్రంథము చదువఁడు, బోధకుఁడు అమరము చదువఁడు. ఇరువురి నడుమ నర్థము నిలిచిపోవుచున్నది.

గడచిన శతాబ్ది యుత్తరార్ధమున వయోజనవిద్యకుఁ గ్రొత్త పద్ధతి వచ్చినది. 1963లో గ్వాటెమాలా దేశమున నొక వైదికవిద్యాలయము, విద్యార్థిని బడికి రప్పించుటకు మాఱుగా బడినే విద్యార్థి యూరికిఁ బంపెను. గృహాధ్యయనము, నియతకాలపు గోష్ఠి, స్వగ్రామములో నాచరణము అని దీనికి మూఁడంగములు. 1971లో భారతదేశమున నీ పద్ధతికి 'టాఫ్టీ' యను సంస్థ యేర్పడెను. 1818లో స్థాపింపఁబడిన సేరంపూరు కళాశాల సంప్రదాయమునఁ గూడ గృహస్థులు తమ వృత్తి విడువకయే క్రైస్తవాధ్యయనపట్టము పొందు మార్గము గలదు. ఉద్యోగము, కూలి, సంసారము విడువలేని పెద్దలకు ఇది యుపకారము. అయితే గృహాధ్యయనమున గురువు చెంత నుండఁడు. సందేహము వచ్చినపుడు పుటయే సమాధానము చెప్పవలయును. అందుచేఁ బాఠముతోఁ బాటు పదవివరణము మునుపటికంటె నెక్కువగాఁ గావలసియున్నది.

గ్రంథభాషను వాడుకభాషగా మార్చినచో నీ శ్రమ తప్పునని కొందఱందురు. చదివికొనుటకు సులభానువాదము మేలే. కాని తాతలనాఁటినుండి కంఠమున నున్న పాఠమును దొలఁగించిన, దానితోఁ గీర్తనయు స్మృతియు సడలును. పాఠమును నిలిపి, ప్రతిపాఠమున నాలుగైదు పదములకు వ్యుత్పత్తియు, లోకవాడుకయు, ఉద్దిష్టార్థమును వేఱువేఱుగాఁ జెప్పుట మధ్యేమార్గము. దీనికి మతముతోఁ బనిలేదు, పదముతోడనే పని. ఊరిబడిలోని తెలుఁగు పండితుఁడు ఈ పని చేయఁగలఁడు. మాఱుమనస్సునకును బశ్చాత్తాపమునకును భేదము చెప్పఁగలవాఁడు ఏ మతస్థుఁడైనను, వినువానికి గురువే.