గొట్టం కంటే ముందు మర

తన కొలతలకు సైకిల్ ఫ్రేమ్ కట్టించుకోవాలనుకునేవారు మొదట అడిగేది ఏ గొట్టం మంచిదని. రేనాల్డ్స్ 531 లాంటి పేర్లు తెచ్చిపెట్టిన అలవాటు అది. 1935లో బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన ఆ మాంగనీస్-మాలిబ్డినం ఉక్కు దశాబ్దాలపాటు రేసు సైకిళ్లను ఏలింది. అయితే మామూలు ఉక్కుకూ ఖరీదైన ఉక్కుకూ బిగువులో దాదాపు తేడా లేదు. ఫ్రేమ్ ఎంత వంగుతుందన్నది గొట్టం లావు, గోడ మందం తేలుస్తాయి. మేలైన ఉక్కు బలంగా ఉంటుంది కాబట్టి గోడ పలచన చేసి బరువు తగ్గించుకోవచ్చు, అంతే. చివర్లు 0.8, నడుమ 0.5 మిల్లీమీటర్లుగా చేసిన గొట్టం తీసుకుంటే, అతుకు వేడి తగిలే చోట తగినంత లోహం ఉంటుంది. ఆలోచన అంతా పెట్టాల్సింది విడిభాగాలు ఫ్రేమ్‌తో కలిసే చోట్ల మీద, అన్నిటికన్నా ముందు పెడళ్ల ఇరుసు కూర్చునే బాటమ్ బ్రాకెట్ షెల్ మీద.

ఫ్రేమ్ దశాబ్దాలు నిలుస్తుంది, బేరింగులు నిలవవు. వాటిని మార్చే రోజున అదే కొలత దొరకాలి. 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 మరలు, 68 మిల్లీమీటర్ల వెడల్పు గల బిఎస్ఎ షెల్‌కు ఇప్పటికీ భాగాలు దొరుకుతున్నాయి. చెన్నై టిఐ సైకిళ్ల ద్వారా మన వీధులకు తెలిసిన బిఎస్ఎ పేరే అది. దాని కుడివైపు మర ఎడమకు తిరుగుతుంది. తొక్కేటప్పుడు బేరింగులు దొర్లుతూ, షెల్‌లోకి మరతో బిగిసే కప్పును ఇరుసుకు ఎదురు దిక్కున నెడతాయి గనుక, ఆ మర వదులవకుండా బిగుస్తుంది. రెండువైపులా కుడి మరే ఉండే ఇటాలియన్ షెల్‌లో కుడి కప్పు వదులయ్యే బెడద అందుకే. మర లేకుండా నొక్కి బిగించే పద్ధతి తేలిక కదా, లావు ఇరుసు పడుతుంది కదా అంటారు. కార్బన్ ఫ్రేమ్‌లో ఆ వాదనకు బలముంది. ఉక్కులో మాత్రం అతికే వేడికి షెల్ గుండ్రదనం చెదురుతుంది. నొక్కి బిగించే బేరింగు ఆ కాస్త తేడాను సహించక కిర్రుమంటుంది. మర ఉంటే అతికాక మర కోసే ట్యాప్‌తో మళ్లీ సరిచేయవచ్చు. లావు ఇరుసే కావాలంటే 47 మిల్లీమీటర్ల మర గల టి47 షెల్ ఉండనే ఉంది.

పనిముట్ల లెక్కా ఇక్కడి నుంచే మొదలవుతుంది. గొట్టాలను కదలకుండా పట్టే ఖరీదైన జిగ్ లేకుండా ఫ్రేమ్ కుదరదన్న మాట సగమే నిజం. ఒకే కొలతలో పదులకొద్దీ కట్టేవారికి అది సమయం మిగులుస్తుంది, కానీ జిగ్‌లో బిగించిన గొట్టం కూడా చల్లారేటప్పుడు లాగుతుంది. వంకర పట్టిచ్చేది చదునైన లోహపు బల్ల, సూటి బద్ద. అతుకు కాసేది మంచి ఆకురాయితో సందు లేకుండా అరగదీసిన గొట్టం మూతి. మొదటి డబ్బు వీటికీ, షెల్ మరకు ట్యాప్, అంచులు చెక్కే కట్టర్, సీటు గొట్టానికి రీమర్‌కూ పోవాలి. చక్రం, బ్రేకు, క్రాంక్ చేతికి రాకముందు అతుకు వేసే టార్చి వెలిగించకూడదు: వెనక చక్రం పట్టే చోటు 130 మిల్లీమీటర్లకు చేశాక 135కు జాగ్రత్తగా విడదీయవచ్చేమో గానీ, డిస్క్ బ్రేకు చక్రాలకు తరచూ కావాల్సిన 12 మిల్లీమీటర్ల ఇరుసు రంధ్రాలు తర్వాత అతికిపెట్టడమంటే ఫ్రేమ్ వెనక భాగాన్ని విప్పి కట్టడమే.