గుర్రాల బలాన్ని ఆపే దారం

"సార్, మా నాన్నోల ఇంజిను పది గుర్రాల బలమంట. గేలపుదారం సూస్తే ఇంత సన్నం. మరి అదెలా ఆపేస్తాది సార్?"

నౌపడ ఉప్పుమళ్ల అవతల, భావనపాడు వైపు నుంచి బడికొచ్చే ఓ కుర్రాడు ఘర్షణ పాఠం మధ్యలో అడిగిన ప్రశ్న ఇది. పుస్తకంలో ఘర్షణ అంటే వాలుబల్ల మీద జారే చెక్కదిమ్మే. వాడు అడిగినదీ ఘర్షణ గురించే, కాకపోతే చెక్కదిమ్మ కంటే ఎంతో అందమైన రూపంలో.

శ్రీకాకుళం తీరంలో ఫైబర్ బోటునీ, దాని వెనకచెక్కకు తగిలించిన అవుట్‌బోర్డు ఇంజిన్నీ చూడనివారు ఉండరు. నీళ్లలో తిరిగే ప్రొపెల్లరు, అంటే మనవాళ్ల ఫ్యాను, బోటును వెనకనుంచి తోస్తుందని అందరికీ తెలుసు. అది ముందునుంచి నీటిని లాక్కుంటుందన్న సంగతి అంతగా తట్టదు. రెక్క తిరుగుతున్నప్పుడు దాని వెనకముఖం మీద పీడనం పెరుగుతుంది, ముందుముఖం మీద తగ్గుతుంది. పీడనం తగ్గిన చోటికి చుట్టుపక్కల నీరంతా పరుగెత్తుకొస్తుంది. వెడల్పుగా మొదలైన ఆ ప్రవాహం రెక్కల దగ్గరకొచ్చేకొద్దీ వేగం పుంజుకుని సన్నబడుతుంది. ఆ దారిలో పడిన తాడుముక్క, వలపీలిక, గేలపుదారం నేరుగా రెక్కల మధ్యకే చేరతాయి. బోటును నడిపించే పీడనమే దారాన్నీ రప్పిస్తోందన్నమాట.

ఇందులో తాడు దేనితో చేసిందన్నదీ లెక్కలోకి వస్తుంది. సముద్రపు నీటి సాంద్రత సుమారు 1.025. నైలానుది 1.14 కాబట్టి తెగిపోయిన నైలాను దారం మెల్లగా అడుగుకు దిగుతుంది. పాలిథీన్‌ది 0.95, పాలీప్రొపిలీన్‌ది 0.91. ఈ రెండూ నీటిపైనే తేలతాయి. అందుకే ఎవరో ఎప్పుడో పారేసిన తాడుముక్క ఇంకెవరి ఫ్యానుకో చుట్టుకుంటుంది. సొంత నైలాను దారం మాత్రం ఎక్కువగా వల దించేటప్పుడో, బోటును వెనక్కి నడిపేటప్పుడో చిక్కుతుంది.

చిక్కిన తర్వాత ఎంత వేగంగా చుట్టుకుంటుందో లెక్క వేద్దాం. చిన్న అవుట్‌బోర్డు ఇంజిను నిమిషానికి 5000 చుట్లు తిరుగుతుందనుకుంటే, కింది గేర్లు దాన్ని దాదాపు సగానికి తగ్గిస్తాయి. అంటే ఫ్యాను సెకనుకు 40 చుట్లు. ఫ్యాను నడుమనున్న బొడ్డు చుట్టుకొలత 15 సెంటీమీటర్లు అనుకున్నా, ఒక్క సెకనులో 6 మీటర్ల దారం లోపలికి పోతుంది. ఇంజిను గొంతు మారిందని గ్రహించి చెయ్యి యాక్సిలరేటరు మీదికి వెళ్లేలోపు జరగాల్సిందంతా జరిగిపోతుంది.

ఇక కుర్రాడి ప్రశ్నకు అసలు జవాబు. బెదిరిన గిత్త పలుపును స్తంభానికి రెండు మూడు చుట్లు తిప్పి, చివరను ఒక పిల్లాడి చేతికిచ్చినా గిత్త కదల్లేదు. పిల్లాడి బలం పెరగలేదు. ప్రతి చుట్టూ ఆ బలాన్ని గుణించుకుంటూ పోయింది. పద్దెనిమిదో శతాబ్దంలో లియొనార్డ్ ఆయిలర్ ఈ తాడు లెక్క తేల్చాడు. చుట్లు కూడికగా పెరిగితే పట్టు గుణకారంగా పెరుగుతుంది. తడిసిన దారానికి ఘర్షణ గుణకం 0.2 అనుకుందాం. ఒక చుట్టుకు పట్టు 3.5 రెట్లు, మూడు చుట్లకు 43 రెట్లు, అయిదు చుట్లకు 500 రెట్లు దాటుతుంది. నీళ్లలో ఈడ్చుకుంటూ వచ్చే దారపు తోక మీద నీటి లాగుడు 200 గ్రాములే ఉన్నా, అయిదు చుట్ల అవతల అది 100 కిలోల పట్టును నిలబెట్టగలదు. ఇక జారడమన్న మాటే లేదు. దారం తెగాలి, లేదా ఇంజిను ఆగాలి. ఘర్షణ గుణకం తగ్గిద్దామన్నా లాభం తక్కువ. 0.1కి దించినా అయిదు చుట్లకు 23 రెట్లు మిగులుతుంది, ఇంకో అయిదు చుట్లకు మళ్లీ 500 దాటుతుంది. సెకనుకు 40 చుట్లు తిరిగే యంత్రానికి ఆ అయిదు చుట్లు ఒక లెక్కా!

దారానికి ఇంకో గుణం ఉంది. నైలాను సాగుతుంది. సాగి చుట్టుకున్న ప్రతి పొరా మళ్లీ పొట్టిబడాలని చూస్తూ కింది పొరల్ని నొక్కుతుంది. కింది పొరలకు పోవడానికి చోటు లేక పక్కకు ఒరుగుతాయి. ఆ పక్కనే ఫ్యాను బొడ్డుకూ గేరుపెట్టెకూ మధ్య సన్నని సందు ఉంది. దారం ఆ సందులో దూరుతుంది. బొడ్డు తిరుగుతోంది, గేరుపెట్టె తిరగదు. మధ్యలో పడిన దారం రాపిడికి వేడెక్కుతుంది. పాలిథీన్ 130 డిగ్రీల దరిదాపుల్లో కరుగుతుంది, నైలాను 220కి అటూఇటూ. కరిగి, ఇంజిను ఆగాక చల్లారితే పోగులు కనబడని గట్టి ప్లాస్టిక్ కడియం తయారవుతుంది.

అసలు నష్టం ఆ సందు లోపల ఉంది. గేరుపెట్టెలోంచి ఇరుసు బయటికొచ్చే చోట ఒక ఆయిల్ సీలు ఉంటుంది. దాని రబ్బరు పెదవి ఇరుసును మెత్తగా తాకుతూ ఉంటుంది, పెదవి వెనక ఒక సన్నని స్ప్రింగు చుట్టు దాన్ని బిగబట్టి ఉంచుతుంది. లోపలి నూనె బయటికి రాకుండా, బయటి ఉప్పునీరు లోపలికి పోకుండా కాపాడేది ఆ పెదవి ఒక్కటే. దారం దాన్ని కోస్తే ఆరోజుకు ఏమీ తెలియదు. ఇంజిను మామూలుగానే నడుస్తుంది. గేర్లు లోపల తుప్పు పట్టడం మొదలవుతుంది.

ఈ సీలు బాధకు మూలం ఫ్యాను పుట్టుకలోనే ఉంది. అంతకుముందు ఆవిరి ఓడలకు పక్కన చక్రాలుండేవి. వాటి ఇరుసు నీటిపైన ఉండేది, ఏం చుట్టుకున్నా కంటికి కనబడేది. నీటి కింద మరను, అంటే స్క్రూను, తిప్పుదామని ఇద్దరు దాదాపు ఒకేసారి పట్టుదలగా బయలుదేరారు. ఒకరు లండన్ దగ్గర హెండన్‌లో వ్యవసాయం చేసుకునే ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్, రెండోవారు స్వీడన్‌లో పుట్టిన ఇంజనీరు జాన్ ఎరిక్సన్. 1836 మే 31న స్మిత్ పేటెంటు తీసుకుంటే, ఆరు వారాల తర్వాత జులై 13న ఎరిక్సన్ తీసుకున్నాడు. స్మిత్ చేసినది రెండు పూర్తి చుట్లున్న పొడవాటి చెక్కమర. 1837లో కాలువలో పరీక్షిస్తుంటే అది దేనికో తగిలి సగం విరిగిపోయింది. మిగిలిన సగంతో బోటు ఇంకా వేగంగా పరుగెత్తింది! మర పొడవు పెరిగేకొద్దీ నీటితో రాపిడి పెరుగుతుందే తప్ప తోపుడు ఆ మేరకు పెరగదని అలా బయటపడింది. విరిగిన ఆ ముక్క చూపిన దారిలోనే మర క్రమంగా కురచబడి నేటి ఫ్యాను రూపానికి వచ్చింది. యంత్రాల చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. 1845లో బ్రిటిష్ నౌకాదళం మర ఓడ 'రాట్లర్'నూ, చక్రాల ఓడ 'అలెక్టో'నూ తోకలు కలిపి కట్టి లాగించింది. అలెక్టో చక్రాలు ముందుకు తిరుగుతూనే ఉన్నాయి, ఓడ మాత్రం వెనక్కి పోయింది.

గెలుపుతోపాటే చిక్కూ వచ్చింది. ఇరుసు ఓడ అడుగున, నీటి కిందనుంచి బయటికి రావాలి. అక్కడి లోహపు బేరింగులు త్వరగా అరిగిపోయేవి. 1854లో జాన్ పెన్ నీటితోనే తడిసి నునుపుగా ఉండే లిగ్నం వైటే అనే గట్టి కర్రను అక్కడ అమర్చి గండం గట్టెక్కించాడు. 1909లో ఓలె ఎవిన్‌రూడ్ అమ్మకానికి తెచ్చిన అవుట్‌బోర్డు, 1934లో అమెరికాలో ఓ.జి. ష్మిట్ తయారుచేసిన, చిన్న బోటును మెల్లగా నడిపే విద్యుత్ ట్రోలింగ్ మోటారు నీటి కిందనుంచి ఇరుసు బయటికి రావాలన్న ఆ చిక్కునే వారసత్వంగా పొందాయి. ట్రోలింగ్ మోటారుకైతే మరీ కష్టం. సీలు వెనక గేర్లు కాదు, మోటారే ఉంటుంది.

మన తీరానికి వచ్చిన మేలు ఒకటి ఉంది. అలల్ని దాటి ఇసుక మీదికి ఎక్కాల్సిన బోటుకు ఫ్యాను పైకి లేవాలి. 1980ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్.ఏ.ఓ.) వారి బంగాళాఖాత కార్యక్రమం తీర బోట్ల కోసం ఫ్యానును పైకెత్తగలిగే డీజిల్ ఇంజిను అమరికను రూపొందించింది. అవుట్‌బోర్డు ఎలాగూ వంగుతుంది. ఇసుక కోసం వచ్చిన ఈ ఏర్పాటే చిక్కు తీసేవాడికి వరమైంది. నీళ్లలోకి దూకక్కర్లేదు.

తీసేటప్పుడు ముందు ఇంజిను ఆపి, లంగరు వేసి బోటు ముక్కు అలకు ఎదురు తిప్పాలి. అడ్డంగా తిరిగితే అల ఊరుకోదు. ఇంజిను వంచి, న్యూట్రల్‌లో ఉంచి, దారపు కొస దొరికితే ఫ్యానును చుట్టుకున్న దిక్కుకు వ్యతిరేకంగా చేత్తో తిప్పాలి. ఆయిలర్ లెక్క ఇక్కడ మనవైపు తిరుగుతుంది. ఒక్కో చుట్టు విడిపోయేకొద్దీ పట్టు అన్ని రెట్లు పడిపోతుంది. కొస దొరక్కపోతే కత్తితో బొడ్డు పొడవునా కొయ్యాలి. చుట్టూ తిప్పి కోస్తే కత్తిమొన సీలు దాకా పోతుంది. ఒడ్డుకొచ్చాక స్ప్లిట్ పిన్ను తీసి, నట్టు విప్పి, ఫ్యానును బయటికి లాగి లోపలి సందు చూడాల్సిందే. పైకి కనబడిన దారం తీసేసి పని అయిపోయిందనుకోవడం దగ్గరే చాలా ఇంజిన్లు చెడతాయి. బొడ్డులోని రబ్బరు బుష్షు, పాత ఇంజిన్లలో అయితే అడ్డుపిన్ను, రాయి తగిలినప్పుడు గేర్లను కాపాడతాయి. దారం నుంచి సీలును కాపాడేవి మాత్రం అవి కావు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది. బోటు ఒడ్డున ఉన్న ఆ రోజుల్లో గేరుపెట్టె అడుగు స్క్రూ విప్పి నూనె ఒక చుక్క వేలి మీద వేసుకు చూడండి. పాలరంగు తిరిగి ఉంటే లోపలికి నీరు పోయినట్టే, సీలు మార్చండి. కోసి తీసిన దారాన్ని సముద్రంలో పారేయకండి, ఒడ్డుకు తెచ్చేయండి.