రేషన్ సంచిలో పట్టని ఆకుకూర



ప్రతి రంజాన్‌కూ మీరిచ్చే సొమ్ముతో మనం ఇంటింటికీ పంచే సంచిలో బియ్యం, కందిపప్పు, నూనె, చక్కెర, ఖర్జూరాలు ఉంటాయి. ఆకుకూర ఉండదు. ఉండే వీలు లేదు. పొద్దున కట్టిన కొత్తిమీర మన చిత్తూరు, తిరుపతి ఎండలకు సాయంత్రానికే వాడిపోతుంది. చేతిలో డబ్బు తగ్గిన నెలాఖరులో చాలా ఇళ్లలో ముందు మానేసేది కూడా ఆకుకూరే.

ఇది చిన్న విషయం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 59 శాతం మందికి, ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో సుమారు 63 శాతం మందికి రక్తహీనత ఉంది. మనం సంచి అందించే తల్లులు, పిల్లలు ఈ లెక్కకు బయట ఉన్నవారేమీ కాదు.

పెరడు లేని ఒంటిగది అద్దె ఇంట్లో ఆకుకూర ఎలా పండుతుంది? విత్తనాలు పోపుల డబ్బాలోనే ఉన్నాయి. ఆవాలు, మెంతులు, ధనియాలు. వీటిని పలుచని మట్టిలో చల్లి, తొలి ఆకులు విప్పుకోగానే కోసి తినే చిట్టి ఆకుకూరనే ఇప్పుడు మైక్రోగ్రీన్స్ అంటున్నారు. మొలకలకూ వీటికీ తేడా ఉంది. మొలకలను వేరుతో సహా తింటాం. వీటిని మట్టికి పైన కత్తిరించి, కాడా ఆకూ మాత్రమే తింటాం.

2012లో అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం, ఆ దేశపు వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు 25 రకాల మైక్రోగ్రీన్స్‌ను పరీక్షించారు. ముదిరిన ఆకులతో పోలిస్తే చాలా రకాల్లో విటమిన్లు ఎక్కువగా కనిపించాయి. కంటికి మేలు చేసే కెరోటినాయిడ్లలో ముందున్నది మన కొత్తిమీరే. విటమిన్-కె లో ముందున్నది ఎర్ర తోటకూర. అయితే ఒక్క మాట. ఒకసారి తినేది గుప్పెడే కాబట్టి దీన్ని మందుగా అనుకోకూడదు. ఆసుపత్రిలో ఇచ్చిన ఐరన్ మాత్రలు మానకూడదు. పప్పు, గుడ్డు, మాంసం చేసే పని ఇది చేయదు. వాటి పక్కన నిలబడుతుంది, అంతే. ఆకుకూరపై నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గుతుంది.

పెంచే పద్ధతి ఇది. బిర్యానీ పార్సిల్ డబ్బా గానీ, మిఠాయి డబ్బా గానీ రెండు అంగుళాల లోతు ఉంటే చాలు. అడుగున చిన్న రంధ్రాలు పెట్టి, తడిపిన కొబ్బరి పొట్టు లేదా జల్లించిన మట్టి సగానికి పైగా నింపాలి. పచ్చి పేడ ఎరువు వాడకూడదు. మెంతులను రాత్రంతా నానబెట్టాలి. ధనియాలను చేత్తో నలిపి రెండు బద్దలు చేసి నానబెట్టాలి. ఆవాలు నానబెట్టనక్కర లేదు. గింజ పక్కన గింజ పడేలా ఒత్తుగా చల్లి, నీళ్లు చిలకరించి, రెండు మూడు రోజులు పళ్లెం మూతపెట్టి చీకట్లో ఉంచాలి. మొలక మూతను తాకగానే తీసి, పొద్దుటి ఎండ పడే కిటికీ దగ్గర పెట్టాలి. ఆవ, మెంతి 7 నుంచి 12 రోజుల్లో కోతకు వస్తాయి. కొత్తిమీరకు మూడు వారాల దాకా ఓపిక పట్టాలి. నాలుగు రోజులకొక డబ్బా చల్లుకుంటూ పోతే ఇంట్లో ఎప్పుడూ ఒకటి కోతకు సిద్ధంగా ఉంటుంది.

మొదట్లో మేము పెట్టిన డబ్బాలు బూజు పట్టి పోయాయి. తప్పు మాదే. ప్రేమ కొద్దీ నీళ్లు ఎక్కువ పోశాం. వేరు చుట్టూ తెల్లని నూగు కనబడి, నీళ్లు చల్లగానే అణిగిపోతే అది వేరు నూగే, భయం లేదు. కాడల మధ్య సాలెగూడులా అల్లుకుని వాసన వస్తే అది బూజు. ఆ డబ్బా పారేయాల్సిందే.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. విత్తనాల దుకాణంలో రంగు పూసి అమ్మే గింజలకు పురుగుమందో, తెగులు మందో పట్టించి ఉంటారు. అవి పొలానికే. మనకు కిరాణా కొట్టు గింజలే మేలు. టమాటా, మిరప, వంకాయ నారు తినకూడదు, అందులో విషపదార్థాలు ఉంటాయి. మదనపల్లె టమాటా మన పక్కనే ఉన్నా నారు మాత్రం కూర కాదు. లేత జొన్న మేసిన పశువులు చనిపోవడం మన రైతులకు తెలిసిందే, కాబట్టి జొన్నా వద్దు. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా వ్యాపించిన ఇ-కోలి సూక్ష్మజీవి 50 మందికి పైగా ప్రాణాలు తీసింది. అందుకే చేతులు, గింజలు, డబ్బా శుభ్రంగా కడగాలి. గర్భిణులకు, పసిపిల్లలకు, వృద్ధులకు పచ్చిగా పెట్టకుండా పప్పులోనో దాల్చాలోనో వేసి ఉడికించి పెట్టాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారు వైద్యుణ్ణి అడగాలి.

పుదీనాకు గింజ కూడా అక్కరలేదు. అంగట్లో కొన్న కట్టలో గట్టి కాడలు నాలుగు ఏరి, కింది ఆకులు తుంచి, గ్లాసు నీళ్లలో నిలబెడితే వారం పది రోజుల్లో వేర్లు వస్తాయి. పాత నూనె డబ్బాలో నాటి, అర నీడలో పెడితే కోసేకొద్దీ చిగురిస్తుంది. ఏప్రిల్, మే ఎండలకు కొత్తిమీర సరిగా రాదు. ఆ రెండు నెలలు తోటకూర చల్లుకోవడం మంచిది. వజూ చేసిన నీళ్లను పట్టి పుదీనా కుండీకి పోయవచ్చు. పచ్చిగా తినే డబ్బాలకు మాత్రం మంచినీళ్లే వాడాలి. కోత అయిపోయిన డబ్బాలోని వేళ్లు, మట్టి ఎండబెట్టి పుదీనా కుండీలో వేస్తే వృథా ఉండదు.

ఇక మా విన్నపం. ఈసారి సరుకుల సంచితో పాటు రెండు డబ్బాలు, గుప్పెడు మెంతులు, వేర్లు వచ్చిన పుదీనా కొమ్మ ఒకటి ఇవ్వాలనుకుంటున్నాం. దీనికి మీ నుంచి అదనపు డబ్బు అడగడం లేదు. మీ ఇళ్లలో విందులయ్యాక మిగిలే ఖాళీ డబ్బాలు కడిగి పంపండి. మీ మిద్దె మీద ఒక మూల పుదీనా నారుకు ఇవ్వండి. అంతకన్నా ముందు మీరూ ఒక డబ్బా చల్లి చూడండి. చేతులారా పెంచినవారు నేర్పితేనే ఎదుటివారికి నమ్మకం కుదురుతుంది.

నాటిన మొక్క నుంచి మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా నాటినవారికి అది సదఖాగా రాయబడుతుందని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించిన సంగతి మనకు తెలిసిందే. సంచిలోని బియ్యం నెలాఖరుకు అయిపోతుంది. పుదీనా కొమ్మ అలా కాదు. దాన్ని అందుకున్న తల్లి వచ్చే నెల మరో నాలుగు కాడలు తుంచి పక్కింటికి ఇవ్వగలదు. పుచ్చుకునే చేయి ఇచ్చే చేయి కావడానికి అంతకన్నా తేలిక దారి మాకు కనబడలేదు.